ఖర్జూర తోటలో పాత ఇల్లు

మూడేళ్ల క్రితం నేను అబుదాబిలో ఒక అరబ్బీ ఇంట్లో పనిచేసేదాన్ని. ఒక సెలవు రోజున మా అమలాపురం పిల్ల మేరీతో కలిసి అల్ ఐన్‌లో పాతకాలపు మట్టి ఇళ్లు, ఖర్జూర తోటలు చూడటానికి వెళ్లాను. తోటలో కాలువ వెంట నడుస్తుంటే తలుపు తీసి ఉన్న ఒక పాత ఇల్లు కనిపించింది. అది కూడా జనం చూడటానికే ఉంచారనుకుని లోపలికి వెళ్లి, తివాచీ మీద దర్జాగా దిండుకు ఆనుకుని కూర్చున్నాను. ఫోటో తీయబోయిన మేరీ ఆగిపోయింది.

"అక్కా, పెరట్లో తడిబట్టలు ఆరేసున్నాయే! ఇక్కడెవరో కాపురముంటున్నారే!"

నేను లేచేలోగా లోపలి గదిలోంచి ఒక ముసలావిడ వచ్చింది. పోలీసులను పిలుస్తుందేమో, నా వీసా పోతుందేమోనని భయమేసింది. వచ్చీరాని అరబ్బీలో క్షమించమని వేడుకున్నాను. ఆవిడ నవ్వి, ఖర్జూరాలు, కూజాలో గావా కాఫీ తెచ్చింది. అలవాటు కొద్దీ కూజా అందుకుని నేనే పోయబోయాను.

"ఖలాస్, ఇక చాలు! నువ్వు కూర్చో. మా ఇంటికొచ్చావు, నేను పోస్తాను" అంది అరబ్బీలో.

నేను పనిచేసే ఇంట్లో అన్నేళ్లుగా ఎందరికో గావా పోశాను. నాకు పోసిచ్చిన మొదటి మనిషి ఆవిడే. ఆ రోజు చూసిన మిగతా ఇళ్లేవీ నాకిప్పుడు గుర్తు లేవు. నా కప్పు ఖాళీ అయినప్పుడల్లా మోకాళ్లు పట్టుకుని లేచిన ఆ ముసలావిడ మాత్రం కళ్లముందే ఉంది.