హేమావతి హోమ్ సైన్సు

ఒర్లియంపేటలో మా పక్కింటి హేమావతి, నేను కలిసి పదకొండో తరగతిలో హోమ్ సైన్సు తీసుకున్నాం. అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం. వంట నేర్పుతారు గదా అని మా ఇళ్ళల్లో ఒప్పుకున్నారు. తీరా చూస్తే సగం పాఠాలు పిల్లల ఎదుగుదల మీదే. ఏ నెలలో మెడ నిలపాలి, ఏ నెలలో చప్పుడైన వైపు తల తిప్పాలి, ఇవీ సంగతులు. ఇంట్లో పసిబిడ్డ ఉంటే గమనించి రమ్మంది టీచరమ్మ.

హేమావతి అన్న కొడుకు ధనపాల్‌కి అప్పుడు ఎనిమిదో నెల. మిల్లు సంగు, అదే సైరను, ఊదితే వీధిలో పసిపిల్లలందరూ ఉలిక్కిపడి ఏడ్చేవాళ్ళు, వీడు మాత్రం కదిలేవాడు కాదు. ఎంత శాంతమైన బిడ్డో అని హేమావతి అమ్మ తాయారమ్మ ఊరంతా చెప్పుకొని మురిసిపోయేది. హేమావతి వాడి వెనక కూర్చుని గిలక్కాయ ఆడించింది, గిన్నె మీద గరిటెతో కొట్టింది. వాడు తల తిప్పలేదు.

ఆ సాయంత్రమే, వీడికి చెవులు వినబడటం లేదు, పెద్దాస్పత్రికి తీసుకుపోదామని వదిన వసంతకుమారితో చెప్పింది. తాయారమ్మ మండిపడింది. మనవణ్ణి తనవైపు తిప్పి ఒళ్ళో కూర్చోబెట్టుకొని మొహం ముందర చప్పట్లు కొట్టింది. ఆడే చేతులు చూసి వాడు కిలకిలా నవ్వాడు.

"చూస్తివా? యాడుంది చెవుడు? నీ నోట్లో మన్ను పడ. ఏంది ఆ పాడు చదువు?"

"వెనక నుంచి కొట్టి చూడు మా," అంది హేమావతి.

చెంప పగిలింది. వదిన బిడ్డను లాక్కుని దిష్టి తీసింది. అశుభం నేర్పే చోటికి ఆడపిల్లను పంపేది లేదని మర్నాడే బడి మాన్పించారు. ఇదంతా గడపలో నిలబడి చూశాను. ఆ ముసలామె పేరెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మగపిల్లలకు మాటలు ఆలస్యమని కొన్నాళ్ళు, కులదైవానికి మొక్కు బాకీ ఉందని కొన్నాళ్ళు గడిపారు. ధనపాల్‌ని మోసింది హేమావతే. అన్నం, నీళ్ళు, బయటికి పోదాం, అన్నీ వాడికి చేతి సైగలతో నేర్పింది.

అయిదో ఏట బళ్ళో చేర్చుకోం అనేసరికి పెద్దాస్పత్రికి పరుగెత్తారు. తోడుగా నేనూ వెళ్ళాను. ఏడాదిలోపే తెచ్చి ఉంటే చెవికి మిషను పెట్టి మాటలు నేర్పించి ఉండొచ్చనీ, ఇప్పుడు చాలా కష్టమనీ డాక్టరు చెప్పాడు. ఇంట్లో ఒక్కరూ గమనించలేదా అని అడిగాడు.

"మాకు ఎవురూ చెప్పలేదు సార్," అంది వసంతకుమారి ఏడుస్తూ.

హేమావతి వాడి చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. బయటికొచ్చాక నేను ఉండబట్టలేక, మీ వదిన అంత అబద్ధం ఎట్లా ఆడిందే అన్నాను.

"అబద్ధం కాదే," అంది. "ఆమెకు నిజంగానే జ్ఞాపకం లేదు."