నాయనమ్మకు ఎక్కిన మత్తు

నా చిన్నప్పుడు లాల్‌దర్వాజా గల్లీలో మాకు ఆరు బర్రెలు, ఒక పాల దుకాణం ఉండేవి. నిద్రపట్టని మా నాయనమ్మకు డాక్టరు రాసిన నిద్ర గోళీ రోజుకొకటి ఇచ్చే పని నాది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అదేదో పెద్ద ఉద్యోగమైనట్టు మస్తు గొప్పలు పోయేదాన్ని.

బోనాలు ఇంకో వారం ఉన్నాయనగా ఆమె మాట తడబడసాగింది. గోళీ వేసుకున్న కాసేపటికే, ఇంకా ఇయ్యలేదేందే అని అడిగేది. ఇచ్చానంటే గయ్యిమనేది. ఇచ్చానో లేదోనని నాకే అనుమానం వచ్చి మూడు రోజులు వరుసగా రెండోది కూడా ఇచ్చాను. పెద్దవాళ్లు అబద్ధమెందుకు చెబుతారు అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున నాయనమ్మ మంచం మీద కూర్చుని ఊగుతోంది. కళ్లు సగం మూతపడ్డాయి, నాలుక మందంగా తిరుగుతోంది. పాలకొచ్చిన ఆడవాళ్లు చూసి, అమ్మవారు ఒంటి మీదికి వచ్చిందన్నారు. ఇంకేముంది, పసుపునీళ్లు, వేపమండలు వచ్చేశాయి. ఒకామె ఈ ఏడు ఎట్లుంటది తల్లీ అని అడిగితే, పాలల్ల నీళ్లెక్కువైనయి అని గొణిగింది నాయనమ్మ. అందరూ దండం పెట్టారు. మా బాపు మొహం మాత్రం మాడిపోయింది.

నాకంతా అయోమయం. అమ్మవారైతే మధ్యలో గురక ఎందుకు పెడుతుంది? గోళీ అయితే, నిన్న మింగింది ఇవాళ ఎలా పనిచేస్తుంది? నిన్నటి అన్నం ఇవాళ్టి ఆకలి తీర్చదు కదా! గోళీల మాట ఎత్తితే అమ్మవారికి కోపం వస్తుందేమోనని భయం. ఎత్తకపోతే నాయనమ్మ చచ్చిపోతుందేమోనని అంతకంటే భయం.

పక్కింటి అక్క దవాఖానలో నర్సు. డ్యూటీ దిగి వస్తూ గుంపును చూసి లోపలికొచ్చింది. ముందు నాయనమ్మ కాళ్లకు మొక్కింది, తర్వాత రెప్ప ఎత్తి చూసి, ఊపిరి లెక్కపెట్టింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. గోళీలిచ్చేది నేనేనని ఆమెకు తెలుసు, నన్ను మెల్లగా బర్రెల కొట్టంలోకి తీసుకుపోయింది.

"తప్పెవరిదని అడుగుత లేను బిడ్డా. ఎన్ని ఇచ్చినవో చెప్పు, గంతే. గా లెక్క తెలిస్తేనే నాయనమ్మ పానం నిలుస్తది."

మూడు రోజులు రెండేసి ఇచ్చానని ఏడుస్తూ చెప్పేశాను. ఆమె వెంటనే రిక్షా పిలిపించింది. దవాఖానలో డాక్టరు, దీనికి మా దగ్గర విరుగుడు లేదు, మత్తు దిగేదాకా ఊపిరి కనిపెట్టి ఉండటమే అన్నాడట. రెండు రోజులు మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

ఆ రెండో రోజే, నిన్నటి గోళీ ఇవాళ ఎలా పనిచేస్తుందని అడిగితే, అక్క నాకు కుడితి తొట్టి దగ్గర చూపించింది. అడుగు బొక్కలో దోపిన గుడ్డను కొంచెం వదులు చేసి, బక్కెట నీళ్లు పోసింది. సగం కారకముందే ఇంకోటి పోసింది, ఆపైన ఇంకోటి. మందును కార్జం, అంటే కాలేయం, విరగ్గొడితే మూత్రంలో పోతుందని, ముసలివాళ్లకు ఆ బొక్క చిన్నదవుతుందని, రోజుకొకటి ఇచ్చినా కొంత మిగిలిపోతుందని చెప్పింది. తొట్టి పొంగి నా కాళ్లు తడిశాయి. మరి నాయనమ్మ అబద్ధమెందుకు చెప్పిందని అడిగాను. చెప్పలేదట. గోళీ వేసుకున్న సంగతిని ఆ గోళీయే మరిపిస్తుందట. అది విన్నాక నా తల ఇంకా తిరిగింది.

మూడో రోజు నాయనమ్మ ఇంటికొచ్చింది. డాక్టరు సగం గోళీ చాలన్నాడు, అదీ రోజు విడిచి రోజు. అమ్మ గోళీల డబ్బీని నాకందకుండా అటక మీద పెట్టింది. అది న్యాయమేననిపించింది నాకు. నాయనమ్మ మాత్రం దాన్ని దింపించి, అందరి ముందు నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"నాకు యాదుండది. నువ్వే ఇయ్యి. నేను లొల్లి పెట్టినా రెండోది ఇయ్యకు."

ఇప్పుడు నాది ఆమె వయసు. మందు ఒంట్లో ఎటు తిరిగి ఎటు పోతుందో నాకు నేటికీ సరిగా అర్థం కాదు. కానీ మా ఇంట్లో పిల్లలెవరైనా ఏదో పాడుచేసి బిక్కమొహంతో నిలబడితే, ఆ పని వాళ్ల చేతిలోంచి లాక్కోను. మళ్లీ వాళ్లకే అప్పజెబుతాను.