ఇరవై ఆనప పాదులు

ఇప్పుడంటే కూరగాయల బండి అపార్టుమెంటు గేటు దాకా వచ్చి మరీ కేకేస్తోంది గానీ, ఆ రోజుల్లో, అంటే విశాఖపట్నంలో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న ఎనభైల మొదట్లో, గాజువాక దాటాక అద్దెకు ఇల్లు దొరకడమే గొప్ప. ఆ ఇంటికి పెరడు కూడా ఉంటే మనిషికి కాస్త తల తిరగడం సహజం. నాకు బాగానే తిరిగింది. నేను పుట్టి పెరిగింది వన్ టౌన్‌లో, రెండు చేతులూ చాస్తే రెండు గోడలూ తగిలే సందులో. మా ఇంట్లో మట్టి అనేది తులసి కోటలో ఉండేది, అంతే. (దాన్ని కూడా మా అమ్మ నన్ను ముట్టుకోనిచ్చేది కాదు.) అలాంటివాణ్ణి ఒక కాంట్రాక్టు కంపెనీ ప్లానింగ్ సెక్షన్‌లో చేరి, భీమిలి అవతల ఒక రైతు గారి అమ్మాయిని పెళ్లి చేసుకుని, వెనకాల బోలెడు జాగా ఉన్న పెంకుటింట్లో కాపురం పెట్టాను.

పెళ్లిచూపుల నాడు మా మామగారు నన్ను అడిగింది రెండే ప్రశ్నలు. "ఉజ్జోగం ఏటి బాబూ?" అన్నారు. ఏ నెలకి ఎంత సిమెంటు, ఎంత ఇనుము కావాలో ముందే లెక్కకట్టి కాగితం మీద చెబుతామండీ అన్నాను, కాలరు సవరించుకుని. "సెప్పాక?" అన్నారు. చెప్పాక ఏముంటుంది? "అంతేనండీ" అన్నాను. ఆయన కూతురి వైపు ఒక్క చూపు చూశారు. పిల్లనిచ్చారు, మర్యాదకు లోటు చేయలేదు, కానీ ఆ చూపు మాత్రం నా మెడకి తగులుకుని కూర్చుంది. కాగితం మనిషి కూడా మనిషే అని ఆయన నోటితో ఒక్క మంచి మాట అనిపించుకోవాలి! ఆ ఏడాది నా బతుక్కి అంతకంటే పెద్ద కోరిక లేదు. పెరడు కనబడగానే దారి దొరికిందనుకున్నాను.

మా సెక్షన్‌లో ఒక ఆచారం ఉండేది. సిమెంటైనా, ఇసుకైనా, ఆఖరికి టీ పొడైనా సరే, లెక్క తేలాక తరుగు కింద పది శాతం కలపాలి. గుమాస్తా కలుపుతాడు, ఆ పైన నేను, నా పైన మా బాసు. అవతలివాడు ముందే కలిపాడా అని ఎవరూ అడగరు. సరుకు తక్కువైతే మాట పడాలి, ఎక్కువైతే గోడౌన్ ఉండనే ఉంది. నేను గ్రాఫు కాగితం పరిచి, పెన్సిలు చెక్కి, పెరటికీ అదే లెక్క కట్టాను. ఇంట్లో ఇద్దరం. ఒక ఆనపకాయ రెండు రోజులు. నెలకి పదిహేను, మూడు నెలలకి నలభై ఐదు. పాదుకి పది కాయలు గ్యారంటీ అన్నాడు విత్తనాల కొట్టువాడు. కొట్టువాళ్ల మాట సగమే నమ్మాలి కనక ఐదు వేసుకున్నాను. తొమ్మిది పాదులు. అందులో సగం మొలవవు కనక పద్దెనిమిది. మేకలు, పురుగులు, గాలివాన, వెరసి తరుగు పది శాతం. ఇరవై! నిలువు గళ్లు, అడ్డు గళ్లు, ఎర్ర సిరాతో పాదులు... ఎంత అందంగా వచ్చిందో ఆ కాగితం. "రెండు మిరప మొక్కలు, కాసింత కొత్తిమీర ఏసుకుందామండీ" అంది మా ఆవిడ. రెండో విడతలో చూద్దామన్నాను.

మామగారు రెండు గోనెల పశువుల ఎరువు బస్సు మీద వేసుకుని వచ్చిన రోజున ఆ కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని తిప్పి చూశారు, పెరడు చూశారు, నన్ను చూశారు. "ఉన్నది ఇద్దరే కదేటి బాబూ. రెండు పాదులు సాలు" అన్నారు.

"తరుగు ఉంటుంది కదండీ" అన్నాను, తెలియనివాళ్లకి చెప్పే ఓపికతో.

"తరుగా? ఆనపకా?" అన్నారు. అని, నవ్వాలో వద్దో తేల్చుకోలేక తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "సరే, ఊడుపులయ్యాక వత్తాను. సూత్తాను" అని వెళ్లిపోయారు. సరిగ్గా నాకు కావలసింది అదే. మీరు వచ్చేసరికి మా ఇంట్లో కూరలు కొనడమన్నది ఉండదు చూడండి, అని బస్సు వెనకాల గొప్పగా అరిచాను కూడా.

ఇరవైకి ఇరవై మొలిచాయి. మేకలు రాలేదు, పురుగు పట్టలేదు, వాన అడిగినట్టు కురిసింది. (నా జీవితంలో ఏ ప్లానూ అంత సవ్యంగా నడవలేదు.) సరుగుడు కర్రలతో వేసిన పందిరి పదిహేను రోజుల్లో చాలక, తీగలు పెంకుల మీదికి, స్నానాల గది మీదికి, పక్కింటి గోడ మీదికి పాకాయి. ఇంక కాయడం మొదలెట్టాయండీ! పొద్దున ఆరు కోస్తే సాయంత్రానికి ఎనిమిది. బట్టలారేసే దండెం పక్కన కాయ, కిటికీలోంచి లోపలికి తొంగి చూస్తూ కాయ. ఇంటి నిండా ఆనపకాయలు, పోపులోకి ఒక్క పచ్చిమిరపకాయ లేదు. మా ఆవిడ రోజూ సంచీ పట్టుకుని మిరపకాయలకి బజారుకి వెళుతూ, నా వైపు చూడకుండా వెళ్లేది. చూస్తే నవ్వొస్తుందని.

పెరటి కాయని అమ్ముకోవడం తప్పు, పంచాలి అంది మా ఆవిడ. పంచాం. మొదటి వారం వీధంతా మురిసిపోయింది. రెండో వారం "ఓలమ్మ, మల్లీ ఆనపకాయేటి!" అని పక్కింటి పిన్నిగారు తలుపు సందులోంచే పలకరించారు. అయితే ఇక్కడ నా లెక్కకి అందని సంగతి ఒకటుంది. మా వీధి ఆడవాళ్లు ఇంటికొచ్చిన పళ్లేన్ని ఖాళీగా తిరిగి పంపరు. ఏదో ఒకటి పెట్టే పంపాలి. పాపం ఎవరింట్లో చూసినా ఉన్నది ఏమిటి? మేమిచ్చిందే. పచ్చి కాయగా గుమ్మం దాటింది, మర్నాడు కూరై తిరిగి వచ్చేది. తరుగు లేకపోవడమంటే అదీ.

మామగారు చెప్పిన మాట ప్రకారం ఊడుపులయ్యాక ఒక ఆదివారం దిగారు. అప్పటికి కోసినవి ముప్పై కాయలు మంచం కిందకి తోసి దుప్పటి నేల దాకా జార్చాను. ఆయన వచ్చి ఆ మంచం మీదే కూర్చుని, తన చేతిసంచీ కిందకి తోయబోతే అది వెళ్లదు. దుప్పటి ఎత్తి చూశారు. మళ్లీ మెల్లగా దించేశారు. నా ప్రాణం ఉసూరుమంది. మధ్యాహ్నం అరిటాకులు వేసేసరికి వీధిలో గిన్నెల రాకడ మొదలైంది. గోదావరి జిల్లా వాళ్లింటి నుంచి బెల్లం వేసిన ఆనపకాయ పులుసు, ఎదురింటి నుంచి పాలు పోసిన కూర, ఇంకొకరి పెరుగు పచ్చడి, ఎండురొయ్యలేసిన ఇగురు, చివరికి పక్కింటి పిన్నిగారి హల్వా. మా ఆవిడ వండిన రెండూ కలిపి ఆకు మీద ఏడు రకాలు, కాయ ఒకటే. మామగారు అన్నీ కలుపుకుని శుభ్రంగా తిన్నారు. చెయ్యి కడుక్కుని, "గోనిసంచులున్నాయేటి బాబూ?" అని మాత్రం అడిగారు.

సాయంత్రం కాయలు నింపిన రెండు గోనెలూ మోసుకుంటూ ఆయన వెనక బస్టాపుకి నడుస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఊళ్లో పశువులకి వేస్తారు కాబోలనుకున్నాను. గోనెలు బస్సెక్కించి నేను కిటికీ కింద నిలబడ్డాను. "ఇయన్నీ ఏటి తాతా?" అన్నాడు కండక్టరు. మామగారు ఒక కాయ తీసి అతని చేతిలో పెట్టి, బస్సంతా వినబడేలా అన్నారు కదా: "మా అల్లుడుగోరు పండించేరు. ఆఫీసులో పని. అయినా మట్టి ముట్టుకుంటే సాలు, ఇలగ కాత్తాది! సూడు, ఎంత లేతగున్నాదో." బస్సు కదిలేలోపల ముందు సీటులో ముసలమ్మకొకటి, పక్కన చేపల గంపామెకొకటి ఇచ్చేశారు. కిటికీ కింద నేనున్నానని ఆయనకి తెలుసు, కానీ నా వైపు తిరగలేదు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఇంటికొచ్చాక దుమ్ము పడిందని మా ఆవిడతో అబద్ధమాడాను.

ఆ మరుసటి ఏడు నుంచి తొలకరి పడగానే ఊరి నుంచి ఒక కాగితం పొట్లం వచ్చేది. అందులో లెక్కపెట్టి నాలుగే ఆనప గింజలు. "రెండు పాదుకి, రెండు మీ ఆఫీసు తరుగుకి" అని కబురు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ పొట్లం తప్పలేదు. ఇప్పుడు మా బావమరిది పంపుతున్నాడు, అవే గింజల వంశం, అదే నాలుగు. ఈ ఏడు మేడ మీద పెద్ద కుండీల్లో పెట్టాను. నాలుగూ మొలిచాయి. "రెండు పీకేయండి" అంది మా ఆవిడ. పొద్దున్నే వెళ్లి కూర్చున్నాను, చెయ్యి రాలేదు. నాలుగూ కాపుకొచ్చాయి. నిన్న మూడో అంతస్తు వాళ్లకి ఒక కాయ ఇచ్చి వచ్చాను. ఇవాళ పళ్లెం తిరిగొచ్చింది, మూత పెట్టి. మూత తీయకుండానే ఇద్దరం నవ్వుకున్నాం.