మునెప్పన్న రేకు డబ్బీ

కుప్పంలో సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి ముందు నిలబడితే తీగలు అతికే సాల్డరింగ్ పొగ ముక్కుకు తగిలింది. ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు మదనపల్లె మునెప్పన్న గుర్తొస్తాడు. ఆయనతోపాటు నేను చేసిన ఒక తప్పూ గుర్తొస్తుంది.

ఎనభైలలో మాట. మునెప్పన్నకు బస్టాండు దగ్గర రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే అంగడి ఉండేది. నేను బీయస్సీ చదివి, పెళ్లయ్యాక ఆయన దగ్గర పనికి చేరాను. ఆయన చదివింది ఐదో తరగతి. ఆ తేడా నా తలలో ఎప్పుడూ మెదులుతూ ఉండేది, ఆయన తలలో ఒక్కనాడూ లేదు. ఒక పెట్టెను ఇంకోదానికి కలిపేముందు రెండింటినీ చేత్తో తడిమి, "ఇది ఎంత గట్టిగా మాట్లాడుతుంది, అది ఎంత మెల్లగా వింటుంది, ముందు అది సూడప్పా" అనేవాడు. నేను తలూపేవాణ్ణి, వినేవాణ్ణి కాదు.

పుంగనూరులో బట్టల వ్యాపారి సుబ్బన్న ఇంట్లో వాళ్లమ్మ ఉండేది. అందరూ అవ్వ అనేవాళ్లు. పోయిన భర్త భజనలు పాడిన క్యాసెట్ ఒక్కటే ఆమె దగ్గర ఉంది. అందులో గొంతు మసకగా ఉందని సుబ్బన్న బెంగుళూరు నుంచి ఈక్వలైజర్ తెచ్చాడు. స్టూడియోలో వాడిన పెట్టె అది, గొంతులోని లావునూ సన్నాన్నీ వేర్వేరుగా దిద్దుతుంది. దాన్ని ఇంటి ఆంప్లిఫయర్‌కు కలపడానికి నేనొక్కణ్ణే వెళ్లాను. "నువ్వు రానక్కరలేదన్నా" అని కూడా అన్నాను.

వైర్లు నేరుగా కలిపేశాను. పాట మొదలుకాగానే గొంతు పాతగుడ్డలా చిరిగింది. వాల్యూమ్ తగ్గిస్తే మెల్లగా చిరిగింది, అంతే. తల్లీకొడుకులు నా ముఖం వంకే చూస్తున్నారు. తప్పెక్కడో నాకు తెలియలేదు. తెలియదనడానికి నోరు రాలేదు.

"క్యాసెట్ అరిగిపోయింది. ఇంక లాభం లేదు" అన్నాను.

అవ్వ కొడుకు వైపు తిరిగింది. "పోనీలేప్పా, ఆయప్పే పోయినాడు. సుబ్బా, దాంట్లో నీ సినిమా పాటలు ఎక్కించుకో" అంది.

మరునాడు సంగతి చెప్పగానే మునెప్పన్న ఒక మాట అడిగాడు. "ఆ పెట్టె తీసేసి, ముందరి మాదిరి పెట్టి విన్నావా?"

"లేదన్నా."

"మరి అరిగింది క్యాసెట్టని ఎట్ల సెప్తివి?"

తిట్టలేదు. తలనొప్పి మందు ఖాళీ రేకు డబ్బీ తీసి, అందులో జోరు తగ్గించే రెసిస్టర్లు నాలుగు పెట్టి సాల్డరింగ్ చేస్తూ చెప్పాడు. "స్టూడియో పెట్టె గట్టిగా తోస్తాది. ఇంటి ఆంప్లిఫయర్ అంత తట్టుకోలేదు. బోరు మోటరు నీళ్లు కొత్తిమీర మడిలోకి ఇడిస్తే గట్టు తెగదా? నువ్వు వాల్యూమ్ తిప్పింది గట్టు తెగినాక. ఈ డబ్బీ మధ్యలో ఉంటే నీళ్లు నిదానంగా పోతాయి."

ఇద్దరం బస్సెక్కాం. మేము వెళ్లేసరికి సుబ్బన్న రేడియో, టేపు కలిసున్న పెట్టె పక్కన కూర్చుని ఉన్నాడు. అవ్వ క్యాసెట్ తిరుగుతోంది, రేడియోలో వచ్చే సినిమా పాట దాని మీద ఎక్కుతోంది. మునెప్పన్న గబగబా వెళ్లి మీట నొక్కి ఆపాడు. అప్పటికే మొదటి భజన చెరిగిపోయింది.

సంగతి ఆయనే చెబుతాడని ఎదురుచూశాను. ఆయన వైర్ల దగ్గర కూర్చుని తల ఎత్తలేదు.

"అవ్వా, క్యాసెట్ అరగలేదు. నేనే తప్పు కలిపినాను. ఒప్పుకోలేక అట్ల సెప్పినాను" అన్నాను.

డబ్బీ మధ్యలో పెట్టాక మిగిలిన పాటలు వచ్చాయి. గొంతు ఎదుట కూర్చుని పాడినంత తేటగా ఉంది. ఒక పాట మధ్యలో ఆగి, ఆ పెద్దాయన కేకేశాడు. "ఏమే నాగమ్మా, కాఫీ ఏమాయె?"

అవ్వ ఫక్కున నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ, "ఇదో, నాకు కావల్సింది ఇదే" అంది. నా వైపు తిరిగి, "మొదటి పాట పోతే పోనీలే నాయనా. దాన్ని ఆయప్ప యాపొద్దూ శ్రుతి లేకనే పాడతాండె" అంది.

తిరుగు బస్సులో మునెప్పన్న కిటికీలోంచి చూస్తూ, "రేపు గుర్రంకొండలో పని ఉండాది. నువ్వే పో" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా ప్రాణం కుదుటపడింది.

మునెప్పన్న ఇప్పుడు లేడు. ఏది చెడినా, ఎవరినైనా అనేముందు నేను కలిపిన వైరు తీసి చూసే అలవాటు మాత్రం నాతో ఉంది. ఇంట్లో మాటామాటా పెరిగినప్పుడు కూడా అది నన్ను ఆపింది. మొదటి పాట గురించి అవ్వ అన్నది నిజమో, నా కోసం అన్నదో నేనెప్పుడూ అడగలేదు.