అక్క మొక్కుకున్న మాట

పుంగనూరులో మా ఎదురింటి అక్కను తలుచుకుంటే నాకు శనివారాలే గుర్తొస్తాయి. వాళ్ళాయన సిపాయిగా బర్మాకు పోయినప్పుడు, యుద్ధం అయ్యేదాకా శనివారాలు ఒక్కపొద్దుంటానని ఆమె వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంది. పగలంతా పస్తుండి, దీపాలు పెట్టే వేళకు మా అరుగు దగ్గరికొచ్చి, పేపరు చదివే మా నాయనను ఒకటే అడిగేది.

"ఇంకా కాలేదాప్పా?"

ఆయన ఇంగ్లీషువాళ్ళు, జపానువాళ్ళు అని మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేది.

జపాను లొంగిపోయిందని తెలిసిన వారమే పొంగలి పెట్టి మొక్కు తీర్చుకుంది. రెండు నెలలకు వాళ్ళాయన దగ్గర్నుంచి ఉత్తరమొచ్చింది. నేనే చదివి చెప్పాను. ఆయన్ను ఇంటికి పంపకుండా జావాకు పంపారు.

"ఆడ ఇంకేం పనంట?"

"జపానోళ్ళు పోయినారు గదక్కా. ఆ దేశాన్ని మళ్ళీ డచ్చోళ్ళకు ఇప్పించాలంట."

"మాయన వాళ్ళకేమవుతాడు? అల్లుడా?"

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. ఉత్తరాన్ని మడుస్తూ, విప్పుతూ చాలాసేపు కూర్చుంది.

"తప్పు నాదేలేమ్మా. యుద్ధం అయ్యేదాకా అని మొక్కుకుంటిని. మాయన ఇంటికొచ్చేదాకా అనుండాల్సింది."

ఆ రోజు బుధవారం. అయినా అక్క పొయ్యి వెలిగించలేదు.