మొక్కిన తర్వాత

మా మైదానం అనంతపురం దాటి రాప్తాడు పోయే దారిలో ఉంది. బేస్‌బాల్ పచ్చగడ్డి మీద ఆడటం టీవీలో చూస్తుంటాం. మేం మాత్రం ఎర్రమట్టిలో ఆడి, ఇంటికెళ్ళి అదే మట్టి చీదుకుంటాం. జీతమిచ్చి ఆడించే జట్టు కాబట్టి ఎవరూ నోరెత్తరు. నేను క్యాచర్ని. బ్యాట్ పట్టుకున్నవాడి వెనక గొంతుక్కూర్చుని, పిచర్ విసిరే బంతి పట్టుకుంటాను. నాకంటే ముందే నా మోకాళ్ళు ముసలివైపోయాయి.

దొంగల్ని పట్టడం కూడా నా పనే. పరుగు తీసేవాడు ఒక్కొక్కటిగా దాటాల్సిన మజిలీలే బేస్‌లు. మొదటి బేస్ మీదున్నవాడు, పిచర్ బంతి వేస్తుండగా కన్నుగప్పి రెండో బేస్‌కి పరిగెత్తవచ్చు. దాన్ని బేస్ దొంగిలించడం అంటారు. వాడికంటే ముందు నేను విసిరిన బంతి అక్కడికి చేరితే వాడు అవుట్. దానికి కాళ్ళలో వేగం ఒక్కటే చాలదు. ఎప్పుడు పరిగెత్తుతాడో ఎదుటివాళ్ళకు తెలియకూడదు. అసలు విద్యంతా అక్కడే ఉంది.

ఆ ఎండాకాలం కొత్త కుర్రాళ్ళను పరీక్షకు పిలిచారు. తీసుకునేది ఒక్కణ్ణే. బుక్కరాయసముద్రం అవతలి పల్లె నుంచి ఒకడొచ్చాడు. వేరుశనగ పండించే ఇల్లు. అంత వేగంగా పరిగెత్తేవాణ్ణి మా మైదానం అంతకుముందు చూడలేదు. అయినా ప్రతిసారీ నా చేతిలో అవుటయ్యేవాడు. ఎందుకంటే పరిగెత్తేముందు వంగి మట్టి తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకునేవాడు. తాకాడంటే పోతాడు. తాకకపోతే పోడు. జట్టంతా వాణ్ణి "స్వామీ" అని ఏడిపించేది.

కోచ్ తల పట్టుకున్నాడు. "ఏమప్పా, దొంగతనానికి పోయేవాడు ముందు తలుపు కొడతాడా? మానెయ్."

"మొక్కకుంటే కాళ్ళు కదలవన్నా" అన్నాడు వాడు.

"అట్లయితే ప్రతి బంతికీ మొక్కు. పోయినా మొక్కు, పోకున్నా మొక్కు. అప్పుడు ఎవురికీ తెలీదు."

తెలివైన సలహానే. వాడు మాత్రం తల అడ్డంగా ఊపాడు. ఆ సాయంత్రం బూట్లు విప్పుకుంటూ నాతో చెప్పాడు: "మా నాయన ఇత్తనాల గొర్రు కట్టేముందర ఇట్లే మట్టికి మొక్కుతాడన్నా. మొక్కినాక ఇత్తనం ఏయకుండా ఇంటికి రాడు."

"నేలలో పదును చాలకపోతే?"

"చాలకపోయినా ఏసేదే. మొక్కి ఎనక్కి వస్తే భూమితో అబద్ధమాడినట్టంట."

ఆ లెక్కన వాళ్ళ నాయన ఎన్ని విత్తనాలు మట్టిపాలు చేసి ఉంటాడోనని నేను మనసులో అనుకున్నాను. నాకెందుకు, నా పని బంతి పట్టడం.

చివరి రోజు ఆటలో వాడు మొదటి బేస్ చేరాడు. ఇది పోతే మళ్ళీ పిలవరని అందరికీ తెలుసు, వాడికి ఇంకా బాగా తెలుసు. వంగి మట్టి తాకాడు. నేను బ్యాట్‌కి అందకుండా బంతి బయటికి వెయ్యమని పిచర్‌కి సైగ చేసి, పట్టుకుని లేచి చెయ్యెత్తాను. వాడు కదల్లేదు. ముందు అలవాటు తప్పాడేమో అనుకున్నాను. మళ్ళీ తాకి కళ్ళకద్దుకున్నాడు. మళ్ళీ బంతి బయటికి వేయించాను. మళ్ళీ కదల్లేదు. ఇంకోసారి తాకినప్పుడు నేను నమ్మలేదు. పిచర్‌తో నెమ్మదైన బంతి వేయించాను. నేను తేరుకుని విసిరేసరికి వాడు రెండో బేస్ మీద ఉన్నాడు.

అందరూ అరిచారు. కోచ్ టోపీ ఎగరేశాడు. వాడు మాత్రం దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. ఆట అయ్యాక అభినందించడానికి వెళితే, "మా నాయనకు చెప్పొద్దన్నా" అన్నాడు.

"గెలిచిందా?"

"కాదు. మొక్కి పోకుండా నిలబడింది."

వాణ్ణి జట్టులోకి తీసుకున్నారు. మొదటి ఆటకు వాళ్ళ నాయన వచ్చాడు. తువ్వాలు భుజాన వేసుకుని వల వెనక, మా బెంచీ పక్కనే కూర్చున్నాడు. ఆయనకు ఆట తెలియదు. కొడుకు వంగి మట్టి తాకగానే మాత్రం ముందుకు జరిగాడు. ఆయనకు అర్థమయ్యేది అదొక్కటే. వాడు కదల్లేదు.

"మొక్కినాడు గదప్పా, యాల పోలేదు?" అని నన్నడిగాడు.

"ఆట అట్లాంటిది పెద్దాయనా" అన్నాను.

కొడుకు మళ్ళీ మట్టి తాకాడు, మళ్ళీ నిలబడిపోయాడు. మూడోసారి కొడుకు వంగడం చూసి, ఆయన ముఖం తిప్పుకుని తన కాళ్ళ దగ్గరి నేలను చూస్తూ కూర్చున్నాడు.

ఈసారి వాడు నిజంగానే పరిగెత్తాడు. మైదానమంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆయన తలెత్తలేదు.