కూర్చుని మాట్లాడే ఇంగ్లీషు

నర్సీపట్నం దగ్గర ఓ ఇంజినీరింగ్ కాలేజీలో నేను చెప్పే సబ్జెక్టు పేరు అడ్వాన్స్‌డ్ ఇంగ్లీష్ కమ్యూనికేషన్ స్కిల్స్. టైమ్‌టేబుల్‌లో ఆ పేరు సోమవారం గడిలో మొదలైతే గురువారం గడి దాకా పాకుతుంది. దానికోసం నాకో ల్యాబ్ ఇచ్చారు. అందులో ఓ గుండ్రటి బల్ల, దాని చుట్టూ కింద చక్రాలున్న నల్ల కుర్చీలు. ఆ కుర్చీల కోసం ప్రిన్సిపాల్‌గారి గది చుట్టూ నేను తిరిగిన తిరుగుడుకి లంబసింగి ఘాట్ రోడ్డు నడిచి ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కొచ్చు.

కుర్చీలైతే వచ్చాయి. వాటిలో కూర్చుని మాట్లాడేవాళ్లే లేరు.

గ్రూప్ డిస్కషన్ అంటే ఒక విషయం ఇస్తారు. పిల్లలు బల్ల చుట్టూ కూర్చుని అవునంటూ కాదంటూ వాదించుకోవాలి. మా వాళ్లకి వాదన కొత్తేం కాదు, క్యాంటీన్లో మిరపకాయ బజ్జీ సైజు మీద సుప్రీంకోర్టు నడుపుతారు. ల్యాబ్‌లో మాత్రం నేను "ఊఁ, కానివ్వండి" అనగానే ఒకడు లేచి నిలబడి, చేతులు కట్టుకుని, బల్ల చుట్టూ ఉన్న మనుషుల్ని వదిలేసి నా ముఖంలోకి చూస్తూ పాఠం అప్పజెప్పి, "థాంక్యూ సార్" అని కూర్చుంటాడు. వెంటనే పక్కవాడు లేస్తాడు. ఒకటో తరగతి నుంచీ మేష్టారు అడిగితే లేచి నిలబడ్డ మోకాళ్లవి. ఇంగ్లీషు చెవిన పడితే చాలు, మెదడుతో సంబంధం లేకుండా వాటంతటవే లేస్తాయి.

"కూర్చుని మాట్లాడు నాయనా."

"పర్లేదు సార్."

"నీకు పర్లేదయ్యా, నాకే ప్రాణం మీదికొస్తోంది!"

నిజంగానే వచ్చింది. ఓ రోజు ప్రిన్సిపాల్‌గారు పిలిచి, "మాస్టారూ, వచ్చే నెల కంపెనీవాళ్లు వస్తున్నారు. గ్రూప్ డిస్కషన్‌లో మనవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ గట్టెక్కలేదు. ఈసారీ అంతే అయితే ఆ గది జిమ్‌కి ఇచ్చేస్తానండీ. మీరు హాయిగా ఫస్టియర్‌కి గ్రామర్ చెప్పుకోండి" అన్నారు. ఆయన 'హాయిగా' అన్న తీరుకి నా వెన్నులో మన్యం చలి పుట్టింది.

ఆ రోజు నుంచీ ల్యాబ్‌లో లేవడం నిషేధం. లేస్తే మార్కులు కోత. ఎవడి మోకాలు కదిలినా వెనక నుంచి వెళ్లి భుజాలు అదిమి కూర్చోబెట్టేవాణ్ణి. క్రమంగా అందరూ దారికొచ్చారు, మాకవరపాలెం నుంచి బస్సులో వచ్చే చెరుకు రైతు కూతురొక్కతే రాలేదు. నిలబడితే ఆ పిల్ల ఇంగ్లీషు యలమంచిలి స్టేషన్లో రైలు ఆపగలదు. కూర్చోబెడితే కరెంటు పోయిన పంపుసెట్టే.

"ఏమ్మా, ఏమైంది?"

"కూకుంటే గొంతు రాదు సార్."

"గొంతు కాళ్లలో పెట్టుకున్నావా?"

"మా ఇంటికాడ కూకుని మాటాడితే ఎవులింటారు సార్? సెరుకు ట్రాక్టరోడితో నిలబడే అరవాల."

పక్కనున్న స్నేహితురాలు అందుకుంది. "అందుకే సార్, దీనింట్లో కుర్చీలు ఇంకా కొత్తగానే ఉన్నాయి."

చివరికి విసిగిపోయి అందరికీ ఒకటే చెప్పాను. "ఏం జరిగినా సరే లేవకండి. భూకంపం వచ్చినా కూర్చునే అభిప్రాయం చెప్పండి."

కంపెనీ నుంచి ఓ పెద్దావిడ వచ్చారు. ప్రిన్సిపాల్‌గారు ఆవిణ్ణి ల్యాబ్‌లోకి తీసుకొచ్చారు. నేను బయట అద్దాల కిటికీకి ముక్కు ఆనించి చూస్తున్నాను. బల్ల చుట్టూ కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఆవిడకంటూ వేరే కుర్చీ ఎవరూ వేయలేదు. పెద్దవాళ్లొస్తే పిల్లలే లేచి ఇస్తారు, మా కాలేజీలో పద్ధతి అదే.

పిల్లలు లేవలేదు!

"గుడ్ మార్నింగ్ మేడమ్" అని సింహాసనాల మీంచి మహారాజుల్లా పలికారు. ఆవిడ నిలబడే ఉన్నారు. ప్రిన్సిపాల్‌గారి మీసం నా వైపు తిరిగింది. ఆ మీసంలో నాకు జిమ్ డంబెల్స్ స్పష్టంగా కనిపించాయి. నేను అద్దంలోంచి చేతులూపుతూ "లేవండ్రా!" అని సైగ చేశాను. కూర్చోమంటున్నాననుకుని ఇంకా బిగిసి కూర్చున్నారు.

అప్పుడు చెరుకు రైతు కూతురు చటుక్కున లేచి తన కుర్చీని ఆవిడ వైపు తోసింది. ఆవిడ కూర్చున్నారు. ఈ పిల్లకిక కుర్చీ లేదు. అంటే నిలబడే ఉంది. అంటే గొంతు వచ్చేసింది.

పల్లెలో ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకోవడం మంచిదేనా అన్నది విషయం. ప్రశాంతంగా ఉంటుందని ఒకడు ఇంగ్లీషులో నసిగాడు. "నేను ఒప్పుకోను" అందీ పిల్ల, అదీ ఇంగ్లీషులోనే. నా ల్యాబ్ పుట్టాక ఆ మాట వినడం అదే మొదలు. మీటింగ్ మధ్యలో పోయే కరెంటూ, పెళ్లి మైకూ, ఖాళీగానే ఉన్నావుగా అని పనులు పురమాయించే బంధువులూ... చెబుతుంటే ఆవిడ రాసుకోవడం మానేసి నవ్వుతూ వింటున్నారు.

సాయంత్రం ఫలితం చెప్పారు. ఆ పిల్ల ఒక్కతే ఎంపికైంది.

"నిజం చెప్పమ్మా," అన్నాను పక్కకి పిలిచి, "మర్యాద కోసం లేచావా, గొంతు కోసం లేచావా?"

"ఏటి సార్ అలగంటారు! పెద్దావిడ నిలబడుంటే కూకుంటామేటి?" అంది. నవ్వు మాత్రం దాచుకోలేదు.

ల్యాబ్ దక్కింది. మర్నాడు ఛాతీ రెండంగుళాలు పెంచుకుని క్లాసుకి వెళ్లి "ఊఁ, కానివ్వండి" అన్నాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

"కూర్చోండ్రా!"

"కూకున్నోలెవలికీ ఉద్యోగం రానేదు కద సార్" అన్నాడొకడు, చేతులు కట్టుకుని.

నేను నోరు తెరిచేలోగా అటెండరు తలుపు తోసుకుని వచ్చాడు. "ప్రిన్సిపాల్‌గారు కుర్చీలు అట్టుకొచ్చీమన్నారండి. నిలబడ్డోలికే ఉద్యోగాలంట, ఇంకిక్కడ ఎవులూ కూకోరు కదా అన్నారు."

గబుక్కున దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడి దాని చేతులు గట్టిగా పట్టుకున్నాను. "ఏం జరిగినా సరే, నేను లేవను."

"లెగక్కర్నేదండి," అన్నాడతను నా వెనక్కి వస్తూ. "సక్రాలున్నాయి కదా, బేగి తోసుకెల్లిపోతాను."